చెవులు మూసుకున్న పిల్లవాడు – బడి గదుల చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, అందరిలాగే నేనూ మన మాస్టార్ల గురించి రాద్దామనుకున్నాను. లెక్కల మాస్టారి బెత్తం, తెలుగు మాస్టారి పద్యం, డ్రిల్లు మాస్టారి ఈల లేని జ్ఞాపకం మనలో ఎవరికుంది? కాని ఆయనే ఇంకో మాట కూడా చెప్పారు. "సంఘం డబ్బుతో బడికి నాలుగు కొత్త గదులు కట్టిద్దామని తీర్మానించామండీ. మీరు ముప్ఫై నాలుగేళ్ళు ఇంజనీరుగా బడులు కట్టించినవారు. ప్లాను మీరే గీసివ్వాలి" అన్నారు.

ప్లాను గీయడానికి కూచున్న రోజు నుంచీ నాకు మా క్లాసు పిల్లవాడొకడు గుర్తుకొస్తున్నాడు. వాడి పేరు ఇక్కడ రాయను. మా బ్యాచి వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

1967లో నేను ఆరో తరగతిలో చేరేనాటికి మన బడి అంటే మూడు తాటాకు పాకలు, ఒక పెంకుటిల్లు, మధ్యలో వేపచెట్టు. చెట్టు కొమ్మకి రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉండేది. అదే గంట. మావాడు రోజూ పాక చివరి రాటకి ఆనుకుని కూచునేవాడు. ఆ చోట ఇంకెవరైనా కూచుంటే దెబ్బలాడేవాడు కాదు, వాళ్ళు లేచేదాకా అక్కడే నిలబడేవాడు. మాట తక్కువ. నల్లబల్ల మీది అక్షరాలు బొమ్మ వేసినట్టు చక్కగా దించేవాడు, చదవమంటే చదవలేడు. గంట కొట్టే అటెండరు అరుగు మీంచి లేవగానే వీడి వేళ్ళు చెవుల్లోకి వెళ్ళేవి. అది చూసి మేమందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

ఒకసారి అటెండరు వాణ్ణి పిలిచి సుత్తి చేతికిచ్చాడు. వాడు చెవులు మూసుకోకుండా, నవ్వుతూ, లాంగ్ బెల్లు మొత్తం తనే కొట్టాడు. గంటంటే అంత భయపడేవాడు గంట ఎలా కొట్టాడో మాకు అర్థం కాలేదు. "నాటకాలాడుతున్నాడు" అన్నారు ఒక మాస్టారు. మేమూ అదే నమ్మాం.

రెండేళ్ళ తర్వాత ఒక గాలివానకి పాకల కప్పులు లేచిపోయాయి. ఊరి చందాలు, సర్కారు డబ్బు కలిపి స్లాబు గదులు కట్టారు. కొబ్బరికాయ కొట్టిన రోజు మేం ఎంత గర్వపడ్డామో! వాన కారదు, తేలు పడదు, సిమెంటు నేల. రైలుపట్టాని చెట్టు మీంచి తీసి వరండాలోకి మార్చారు. ఆ వారం నుంచే మావాడు క్లాసులో కూచోలేకపోయాడు. గంట లేకపోయినా చెవులు మూసుకునేవాడు, ముందుకీ వెనక్కీ ఊగేవాడు, తలుపు తీసి ఉంటే వేపచెట్టు కిందికి పరుగెత్తేవాడు. కొట్టారు. గుంజీలు తీయించారు. పారిపోకుండా తలుపు గడియ పెట్టారు. ఎనిమిదో తరగతి మధ్యలో వాడు బడి మానేశాడు. వాడి పేరు రిజిస్టరులోంచి కొట్టేసిన రోజు ఎవరూ ఏమీ అనుకోలేదు.

వాడికి ఉన్నది ఫలానా అని నేనివాళ పేరు పెట్టబోవడం లేదు. నేను డాక్టరును కాను. కాని బడి భవనాలు కట్టినవాడిగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. పాకలో రెండేళ్ళు కూచోగలిగినవాడు స్లాబు గదిలో రెండు వారాలు ఎందుకు కూచోలేకపోయాడు? రిటైరయ్యాక దీని గురించి దొరికినంత చదివాను. నాకు తెలిసిన చరిత్ర మీ ముందు పెడుతున్నాను.

పేరు రాకముందు

ఇలాంటి పిల్లలు కొత్తగా పుట్టినవాళ్ళు కారు. 1800లో ఫ్రాన్సులోని అవేరాన్ ప్రాంతంలో అడవిలో తిరుగుతున్న ఒక పిల్లవాణ్ణి పట్టుకుని పారిసులోని బధిరుల విద్యాలయానికి తీసుకొచ్చారు. మాట రాదు. చదువుకు పనికిరాడని పెద్ద పెద్ద వైద్యులే తేల్చేశారు. ఇటార్ అనే యువ వైద్యుడు మాత్రం వాడికి విక్టర్ అని పేరు పెట్టి, చూపు, స్పర్శ, వినికిడి వంటి ఇంద్రియాల ద్వారా నేర్పవచ్చని కొన్నేళ్ళు పాటుపడ్డాడు. అనుకున్నంత ఫలితం రాలేదు గాని దారి మాత్రం పడింది. ఆయన శిష్యుడు సెగాన్ 1840ల్లో పారిసులో మందబుద్ధులని ముద్రపడ్డ పిల్లలకి చదువు చెప్పి, ఆ పద్ధతిని పుస్తకంగా రాసి, తర్వాత అమెరికా వెళ్ళాడు.

ఈ ఇద్దరి రచనలూ శ్రద్ధగా చదివిన డాక్టరు మరియా మాంటిస్సోరి. ఆవిడ ముందు రోములో అలాంటి పిల్లలతోనే పనిచేశారు. ఆ తర్వాతే 1907లో శాన్ లోరెంజో పేటలో పేదపిల్లల బడి తెరిచారు. పిల్లలు తామే మోసుకోగలిగే చిన్న కుర్చీలు, చేయి అందే ఎత్తులో అలమరాలు అక్కడ పెట్టారు. ఇవాళ ప్రతి నర్సరీలోనూ కనిపించే ఆ చిన్న కుర్చీ వెనక చదువుకు పనికిరారని పక్కనబెట్టిన పిల్లల దగ్గర నేర్చుకున్న పాఠం ఉంది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి, ఎందరో టీచర్లకి శిక్షణ ఇచ్చారు. పిల్లవాణ్ణి గదికి సరిపెట్టడం కాదు, గదిని పిల్లవాడికి సరిపెట్టాలన్న మాట మనకి అప్పటికే చేరింది. మన బడి దాకా మాత్రం రాలేదు.

చదవలేని తెలివైన పిల్లల గురించి 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ ఒక వైద్య పత్రికలో రాశాడు. పద్నాలుగేళ్ళ కుర్రాడు, అన్నింటా చురుకు, అక్షరం మాత్రం అంటదు. పాఠమంతా నోటితోనే చెప్పే పద్ధతి ఉంటే బడి మొత్తానికి వీడే తెలివైనవాడని వాళ్ళ మాస్టారే అన్నాడట. తర్వాత దీనికే డిస్లెక్సియా అన్న పేరు స్థిరపడింది. 'లెర్నింగ్ డిజెబిలిటీ' అన్న మాట 1963లో అమెరికాలో శామ్యూల్ కర్క్ వాడాక ప్రచారంలోకి వచ్చింది.

ఇక ఆటిజం. 1943లో బాల్టిమోరులో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. ఉన్నది ఉన్నట్టే ఉండాలన్న పట్టుదల, మనుషులకి దూరంగా ఉండడం, కొన్ని చప్పుళ్ళకి విపరీతంగా బెదరడం ఆ పిల్లల్లో చూశాడు. ఆ వ్యాసంలో ఒక మాట దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూచున్నాను. ఆ పిల్లలు భయపడేది చప్పుడుకి కాదట. తమ ఏకాంతంలోకి బయటినుంచి దూసుకొచ్చే చప్పుడుకట. అదే చప్పుడు తామే చేస్తే సంతోషిస్తారట. మావాడు గంట కొట్టిన రోజు గుర్తొచ్చింది. వాడు నాటకమాడలేదు. మేం బడిలో చేరడానికి ఇరవై నాలుగేళ్ళ ముందే దీని సంగతి ఒకాయన రాసిపెట్టాడు.

ఇంట్లో మొదలైన బడి

పేరు వచ్చినంత మాత్రాన న్యాయం జరగలేదు. 1950, 60 దశకాల్లో చాలామంది నిపుణులు తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని నమ్మారు. అలా అనుకుంటే పిల్లవాణ్ణి తల్లికి దూరంగా పెట్టడమే వైద్యం అవుతుంది. బిడ్డ బాధ చాలక నింద కూడా మోసిన తల్లులు ఎందరో. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తనూ అలాంటి బిడ్డ తండ్రే, ఆ సిద్ధాంతాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు.

లండనులో 1962లో కొందరు తల్లిదండ్రులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పటికే సిబిల్ ఎల్గర్ అనే టీచరు అలాంటి పిల్లలు కొందరికి తన ఇంట్లోనే చదువు చెప్పేది. 1965లో ఆ సంఘం ఈలింగ్ అనే చోట బడి తెరిచి ఆమెకి అప్పగించింది. ఆటిజం పిల్లల కోసం బ్రిటనులో వెలిసిన మొదటి బడి అదే. అది బడి కోసం కట్టిన భవనం కాదు, ఒక ఇల్లు. అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం చదువు చెప్పడానికి వీల్లేదని తేల్చిన పిల్లలు విద్యాశాఖ లెక్కలోకే వచ్చేవారు కారు. 1970లో చట్టం మార్చారు, 1971 ఏప్రిల్ నుంచి ఆ పిల్లలందరూ విద్యాశాఖ కిందికి వచ్చారు. అమెరికాలో 1975లో అలాంటి చట్టమే వచ్చింది. పిల్లలు బడి గుమ్మంలోకి వచ్చాకనే ఆ గుమ్మం ఎలా ఉండాలన్న ప్రశ్న పుట్టింది.

అదే కాలంలో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షాప్లర్, ఆయన సహచరులు 'టీచ్' అనే పద్ధతి తెచ్చారు. 1972లో అది రాష్ట్రమంతటి కార్యక్రమమైంది. అందులో గదికి పెద్ద పాత్ర ఉంది. ఒకే గదిని అలమరాలతో, చాపలతో భాగాలు చేస్తారు. ఇక్కడ ఒక్కడే కూచుని పని, ఇక్కడ టీచరుతో పని, ఇక్కడ ఆట, ఇక్కడ తిండి. దేని తర్వాత ఏమిటో బొమ్మల్లో గోడకి వరసగా ఉంటుంది. మన పాత ఇళ్ళలో వసారా, నడవ, వంటిల్లు, దేవుడి గది ఉండేవి కదా. ఎక్కడ ఏం చేయాలో చిన్నపిల్లలకి కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు. చోటే చెబుతుంది. ఆ సంగతినే వాళ్ళు శాస్త్రంగా చేశారు.

మరోవైపు అదే రోజుల్లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మామూలు బడులకి గోడలు తీసేసి పెద్ద హాళ్ళలో నాలుగైదు తరగతులు నడపడం ఫ్యాషనైంది. స్వేచ్ఛ బాగానే ఉంది గాని గోల భరించలేక తర్వాత చాలాచోట్ల అడ్డుగోడలు మళ్ళీ లేచాయి.

చప్పుడుని కొలిచిన మనిషి

గదిలో చప్పుడు ఎందుకు నిలుస్తుందో తేల్చింది హార్వర్డులో ఫిజిక్సు చెప్పే వాలెస్ సబీన్. 1895లో అక్కడి కొత్త మ్యూజియం ఉపన్యాస మందిరంలో ప్రొఫెసరు మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అన్న మాట అయిదు సెకన్లకి పైగా గదిలో తిరుగుతూనే ఉండేది. బాగుచేయమని ఆ యువకుడికి చెప్పారు. అతను రాత్రిళ్ళు పక్క థియేటరు నుంచి సీటు పరుపులు మోయించి, గదిలో కొన్ని కొన్నిగా పేరుస్తూ, ఆర్గను గొట్టం ఊది, చప్పుడు ఎంతసేపటికి చస్తుందో స్టాప్ వాచీతో కొలిచాడు. మెత్తటి వస్తువులు చప్పుడుని తాగేస్తాయి, గట్టి గోడలు తిప్పికొడతాయి, తెరిచిన కిటికీలోంచి అది బయటికి పోయి తిరిగి రాదు. దీన్నంతా ఆయన ఒక చిన్న సూత్రంలో పెట్టాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది మొత్తం పీల్చుకునే శక్తితో భాగిస్తే చప్పుడు నిలిచే సెకన్లు వస్తాయి.

ఆ సూత్రాన్ని మన గదికి వేసి చూశాను. నేను సర్వీసులో కట్టించిన మామూలు తరగతి గది 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.3 మీటర్ల ఎత్తు. ఘనపరిమాణం సుమారు 158 ఘనపు మీటర్లు. స్లాబు, సిమెంటు పూత, గచ్చు నేల వాటి మీద పడిన చప్పుడులో నూటికి మూడు పాళ్ళకి మించి పీల్చవు. తలుపులు, కిటికీలు మూసి ఉంటే ఖాళీ గదిలో చప్పుడు నాలుగు సెకన్ల పైన నిలుస్తుంది. అన్నీ తెరిస్తే దాదాపు రెండు సెకన్లు. నలభైమంది పిల్లలు కూచుంటే వాళ్ళ బట్టలూ ఒళ్ళూ కొంత పీల్చి ఒక సెకను దాకా దిగుతుంది, కాని ఆ నలభైమంది చేసే గోల దానికి తోడవుతుంది. 2002లో అమెరికాలో వచ్చిన ప్రమాణం ఈ పరిమాణం గదికి పిల్లలు లేనప్పుడు 0.6 సెకను మించకూడదంటుంది. ఇంగ్లండులో 2003 నుంచి బడుల ధ్వనికి ప్రత్యేక నిబంధనలున్నాయి.

ఇప్పుడు పాక సంగతి చూడండి. తాటాకు కప్పు దళసరి, సందులమయం. అందులోకి వెళ్ళిన చప్పుడు చిక్కుకుని చాలావరకు తిరిగిరాదు. మట్టి గోడలు నడుమెత్తే, పైనంతా ఖాళీ. నేల మట్టి. సబీన్ లెక్కలో మన పాక చాలా మంచి గది. మావాడు కూచున్న రాట ఆ పాకకి కూడా చిట్టచివర, రెండువైపులా ఖాళీ ఉన్న చోటు. తనకి కావలసిన చోటు వాడే వెతుక్కున్నాడు. మేం అభివృద్ధి పేరుతో దాన్ని లాక్కుని, పైగా గడియ పెట్టాం.

పాకలే మళ్ళీ వేయమని నేననడం లేదు. 2004 జులై 16న కుంభకోణంలో తాటాకు కప్పుకి నిప్పంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయిన సంగతి మనకు తెలుసు. 1977 దివిసీమ ఉప్పెన చూసిన జిల్లాల్లో గట్టి కప్పు విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. స్లాబు కావాలి. పాకలో ఉన్న నెమ్మది దాని కిందికి తెచ్చుకోవాలి.

కైరో, గ్లాస్గో

రిటైరయ్యాక గ్లాస్గోలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి హేజిల్‌వుడ్ బడిని బయటినుంచి చూశాను. చూపు, వినికిడి రెండూ దెబ్బతిన్న పిల్లల కోసం ఆర్కిటెక్టు అలన్ డన్‌లప్ బృందం కట్టిన ఆ భవనం 2007లో తెరిచారు. దాదాపు 60 మంది పిల్లలు. పెద్ద చెట్లని కొట్టకుండా వాటి మధ్యలోంచి భవనాన్ని వంపులు తిప్పారు. లోపల నడవ పొడుగునా బెరడు అతికించిన గోడ ఒకటి ఉంటుందని, దాన్ని చేత్తో తడుముతూ పిల్లలు ఎవరి సాయమూ లేకుండా తమ క్లాసుకి వెళతారని చదివాను. ఒక వేపచెట్టు కొమ్మ అడ్డొస్తే కొట్టేయమని ఎన్నిసార్లు సంతకం పెట్టానో ఆ చెట్ల ముందు గుర్తొచ్చింది.

ఆటిజం పిల్లల గదుల గురించి విడిగా పరిశోధించిన వారిలో కైరోకి చెందిన ఆర్కిటెక్టు మగ్దా ముస్తఫా ముఖ్యులు. గదిలో ఏది ఎక్కువ ప్రభావం చూపుతుందని టీచర్లనీ తల్లిదండ్రులనీ అడిగితే ధ్వని అన్నింటికన్నా ముందు నిలిచింది. ఒక బడిలో గదిని నెమ్మదిగా మార్చి చూస్తే పిల్లల ఏకాగ్రత, ప్రవర్తన మెరుగయ్యాయని 2008లో రాశారు. తర్వాత దాన్ని ఏడు సూత్రాలుగా చెప్పారు. ధ్వనిని అదుపులో పెట్టడం, పనుల వరసలో చోట్లు అమర్చడం, తట్టుకోలేనప్పుడు తప్పుకోవడానికి ఒక మూల, ఒక్కో పనికి ఒక్కో భాగం, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారడానికి మధ్యలో కాస్త విరామం, గోల చోట్లు ఒకవైపు, నిదానపు చోట్లు ఒకవైపు, చివరిగా భద్రత.

దీనికి అడ్డుచెప్పేవారూ ఉన్నారు. లోకమంతా గోలే కదా, మెత్తటి గదిలో పెంచితే బయటికొచ్చాక ఎలా తట్టుకుంటాడని వాళ్ళ ప్రశ్న. అది తీసిపారేసే ప్రశ్న కాదు. అందుకే గదులన్నీ ఒకే రకంగా కాకుండా, నిదానపు చోటు నుంచి మామూలు చోటుకి మెట్లు మెట్లుగా పిల్లవాణ్ణి తేవాలంటారు. ఈత నేర్పేవాడు ముందు మోకాలి లోతులోనే దింపుతాడు.

మన దగ్గర

మన దేశంలో 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. ఇప్పుడు దాని పేరు మారింది. ఢిల్లీలో 1991లో మెర్రీ బారువా ఆటిజం పిల్లల కోసం 'యాక్షన్ ఫర్ ఆటిజం' మొదలుపెట్టారు. ఆవిడా అలాంటి పిల్లవాడి తల్లే. లండనులో లాగే ఇక్కడా తల్లిదండ్రులే ముందు నడిచారు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలు చేర్చారు, వాటిలో ఆటిజం లేదు, చదవడం రాయడంలో ఇబ్బంది అంతకన్నా లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో ఆటిజం పేరు వచ్చింది. 2016 చట్టంలో 21 రకాల్లో ఆటిజంతోపాటు అభ్యసన వైకల్యాలు కూడా చేరాయి. మావాడు బడి మానేశాక నలభై అయిదేళ్ళు దాటింది అప్పటికి.

ఈ కాలమంతా నేను బడులు కడుతూనే ఉన్నాను. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. రెండు పెద్ద గదులు, ఒక లోతైన వరండా. ఎంతో మేలు చేసిన పథకం అది. 2009 విద్యాహక్కు చట్టంలో అవరోధాలు లేని ప్రవేశం ఉండాలని రాశారు. మేం దాన్ని ర్యాంపు అని చదువుకున్నాం. 12కి 1 వాలు, పక్కన పైపు రెయిలింగు, ఫొటో, బిల్లు. కాలు నడవని పిల్లవాడికి అది పెద్ద మేలు, అందులో సందేహం లేదు. కాని చెవి తట్టుకోలేని పిల్లవాడికి అవరోధం గుమ్మం దగ్గర కాదు, గది లోపల ఉందని మాకు తట్టలేదు. నా సర్వీసులో రాసిన ఏ ఎస్టిమేటులోనూ ధ్వని కోసం ఒక్క పద్దు లేదు.

గోడలు కూడా పాఠం చెప్పాలన్న ఆలోచన కబీర్ వాజ్‌పేయి బృందం 2000 ప్రాంతంలో 'బాలా' పేరుతో తెచ్చింది. మెట్లతో కూడికలు, తలుపు తెరుచుకునే కోణాలతో గణితం, నేల మీద దిక్కులు. చాలా మంచి ఆలోచన. మేం దాన్ని రంగులు వేయడంగా కుదించాం. నల్లబల్ల గోడ మీద కూడా రైలు, పులి, ఎక్కాలు, మొక్క భాగాలు, జాతీయ నాయకులు. ప్రారంభానికి వచ్చిన పెద్దలు మెచ్చుకునేవారు. చూపు ఒక్కచోట నిలపలేని పిల్లవాడికి అది గోడ మీది గోల అని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక్కడి కోసమా?

కార్యవర్గ సమావేశంలో ఇదంతా చెబితే ఒక మిత్రుడు సూటిగా అడిగాడు. "మనూళ్ళో అలాంటి పిల్లలు ఎంతమందిరా? ఇద్దరో ముగ్గురో. వాళ్ళకోసం ఇంత ఖర్చా?" లండను ప్రాథమిక పాఠశాలల్లో బ్రిజెట్ షీల్డ్, జూలీ డాక్రెల్ అనే ఇద్దరు పరిశోధకులు చప్పుడు కొలిచి, పరీక్ష ఫలితాలతో పోల్చి చూశారు. చప్పుడు ఎక్కువున్న బడుల్లో మార్కులు తగ్గాయి. ఆ పిల్లలంతా మామూలు పిల్లలే. చివరి బెంచీకి మాట వినబడితే బాగుపడేది ఒక్కడు కాదు. మన టీచర్ల గొంతులు కూడా బాగుపడతాయి. రిటైరయ్యేనాటికి గొంతు పోయిన మాస్టార్లు మనకెంతమంది తెలుసు!

అందుకని నా ప్లానులో ఇవి పెట్టాను. స్లాబు కింద మొత్తం చెక్కపీచు, సిమెంటు కలిపి నొక్కిన బోర్డులు కాస్త ఖాళీ వదిలి బిగించాలి. అవి నిప్పుని ఆపుతాయి, చప్పుడుని పీలుస్తాయి. 48 చదరపు మీటర్ల కప్పులో, పడిన చప్పుడులో నూటికి ఎనభై పాళ్ళు పీల్చే బోర్డు వేస్తే మన గది 0.6 సెకనుకి దిగుతుంది. బెంచీల కాళ్ళకి పాత సైకిలు ట్యూబు తొడగాలి, దానికి ఖర్చే లేదు. నల్లబల్ల ఉన్న గోడకి ఒకే లేత రంగు, బొమ్మలన్నీ వెనక గోడకీ వరండాకీ. మిణుకు మిణుకుమనే ట్యూబులైట్లు, చప్పుడు చేసే ఫ్యాన్లు వద్దు. ప్రతి గది గుమ్మానికీ ఒక రంగు, ఒక బొమ్మ, అక్షరం రాని పిల్లవాడికి కూడా తన గది తెలియాలి.

ప్రతి రెండు గదుల మధ్యా ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న చిన్న చోటు ఒకటి ఉంటుంది. తలుపు ఉండదు, గడియ అసలే ఉండదు. టీచరుకి కనబడుతుంది. ఒక చాప, ఒక చిన్న అరుగు. తట్టుకోలేని పిల్లవాడు వెళ్ళి కాసేపు కూచుని తనంతట తనే రావచ్చు. దాన్ని శిక్షకి వాడరాదని గోడ మీద రాయిద్దామనుకుంటున్నాను. ఆ చోటు వల్ల ఒక్కో గది పొడవు అడుగున్నర తగ్గుతుంది. మిత్రులు ఒప్పుకుంటారనే ఆశ. చివరిగా, కరెంటు సైరను వద్దు. గంటని వరండాలోంచి తీసి మళ్ళీ వేపచెట్టుకి కట్టాలి. పాత రైలుపట్టా ముక్క స్టోరు గదిలో తుప్పు పట్టి ఇంకా ఉంది, చూశాను.

మావాడు ఉన్నాడు. తమ్ముడి ఇంట్లో ఉంటాడు. వాళ్ళ మల్లెతోటకి నీళ్ళు పెట్టేది, మొగ్గలు కోసేది వాడే. పోయిన నెల వెళ్ళి స్వర్ణోత్సవానికి పిలిచాను. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు, చేస్తున్న పని ఆపలేదు. నేను చెప్పదలచుకున్నది చెప్పలేక పక్కనే కాసేపు మొగ్గలు కోశాను. వచ్చేటప్పుడు మరదలు అడిగింది, "మైకు పెడతారాండీ? పెడితే బావగారు రారు" అని.

కార్యవర్గానికి నా విన్నపం ఇదే. ఆ రోజు మొదటి గంట మైకు పెట్టకండి. వేపచెట్టు కింద కుర్చీలు వేద్దాం. ఉపన్యాసాలు తర్వాత ఎలాగూ ఉన్నాయి. మాట్లాడేవాళ్ళు కాస్త గొంతెత్తితే చాలు, వినేవాళ్ళం కాస్త దగ్గరగా జరిగి కూచుంటాం.